గంట రేడియో షో, గంట డీజే మిక్స్: ఆన్‌లైన్‌లో ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి

నా మొదటి షో గంటా పది నిమిషాలు. పద్నాలుగు పాత పాటలు, మధ్యమధ్యలో నా మాటలు. రాత్రి పదకొండింటికి అప్‌లోడ్ చేసి పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే షో లేదు, దాని స్థానంలో కాపీరైట్ నోటీసు ఉంది. ఈలోగా న్యూజెర్సీ నుంచి మా అక్క మెసేజ్: "లింకు తెరుచుకోవట్లేదురా, అమ్మకి వినిపిద్దామని కూర్చున్నాం." తప్పు ఆ వేదికది కాదు. పాటల షోలకు లైసెన్సు లేని చోట నేను పాటల షో పెట్టాను.

ఆ దెబ్బతో నేర్చుకున్న వరస ఇది. ముందు పాటలు ఎవరివో చూసుకోవాలి, తర్వాత వేదిక ఎంచుకోవాలి, ఆ తర్వాతే మైకు ముందు కూర్చోవాలి. మనలో చాలామంది ముందు రికార్డు చేసి, ఆఖర్న వేదిక వెతుక్కుంటాం. పడ్డ కష్టమంతా నీళ్ళపాలయ్యేది అక్కడే.

1. మీరు చేసేది ఏ రకమో తేల్చుకోండి

పాటల మధ్య మాట్లాడుతూ రికార్డు చేసి పెట్టే షో ఒక రకం. పాటకు పాట అతుకుతూ మాటల్లేకుండా సాగే డీజే మిక్స్ ఇంకో రకం. ఫలానా వేళకు లైవ్‌లో వచ్చి వెళ్ళిపోయేది మూడోది. రోజంతా ఆగకుండా మోగే సొంత ఇంటర్నెట్ రేడియో స్టేషన్ నాలుగోది. మొదటి రెండింటికి ఫైలు పెట్టుకునే చోటు చాలు. మూడోదానికి లైవ్ సౌకర్యం కావాలి. నాలుగోదానికి సర్వర్, లైసెన్సులు, వంతులవారీగా పనిచేసే నలుగురు మనుషులు కావాలి. కొత్తవాళ్ళు నేరుగా నాలుగోదానికి వెళ్ళొద్దని నా సలహా. వారానికి ఒక్క గంట చొప్పున ఆరు నెలలు ఆగకుండా చేసి చూడండి. అప్పటికీ ఉత్సాహం తగ్గకపోతే స్టేషన్ సంగతి చూద్దాం.

2. పాట ఎవరిదో చూసుకోండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడదాం, ఎందుకంటే మిగతావన్నీ దీనిమీదే ఆధారపడి ఉన్నాయి.

ఒక పాటలో కనీసం రెండు పొరల హక్కులుంటాయి. సాహిత్యం, బాణీ ఒక పొర. ఆ పాటను పాడి రికార్డు చేసిన ధ్వనిముద్రణ రెండో పొర. మన దేశ చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు ఉంటుంది. సాహిత్యం, సంగీతం మీద హక్కు మాత్రం రాసినవారు, కూర్చినవారు చనిపోయాక 60 ఏళ్ళదాకా ఉంటుంది.

ఉదాహరణకు 1957లో విడుదలైన ఒక గ్రామఫోను రికార్డు తీసుకోండి. రికార్డింగు మీద హక్కు 2017 చివరితో తీరిపోయింది. కానీ దాని బాణీ ఘంటసాలది అనుకుందాం. ఆయన 1974లో వెళ్ళిపోయారు. అంటే ఆ బాణీ మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. పాట రాసిన కవి లెక్క మళ్ళీ వేరు. "అరవై ఏళ్ళ నాటి పాటే కదా, ఎవరు అడుగుతారు" అనే ధీమా అందుకే పనికిరాదు. "30 సెకన్లు దాటకపోతే తప్పులేదు" అని ఇంకో మాట ఊరంతా తిరుగుతుంటుంది. అలాంటి వెసులుబాటు మన చట్టంలో ఎక్కడా లేదు.

అనుమతులు ఎక్కడ దొరుకుతాయంటే, రచయితల, సంగీత దర్శకుల తరఫున 1969 నుంచి ఐపీఆర్‌ఎస్ అనే సొసైటీ ఉంది. రికార్డింగుల తరఫున పీపీఎల్ ఉంది. అన్ని ఆడియో కంపెనీలూ ఒకే గొడుగు కింద లేవు కాబట్టి కొన్నిటితో నేరుగా మాట్లాడుకోవాలి. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణలో 31డి అనే సెక్షన్ వచ్చింది. నిర్ణీత రుసుము కట్టి పాటలు ప్రసారం చేసుకునే వీలు అది రేడియో, టీవీలకు ఇచ్చింది. ఇంటర్నెట్ కూడా ప్రసారమే కదా అని కొందరు వాదించారు. టిప్స్ అనే ఆడియో కంపెనీకి, వింక్ అనే పాటల యాప్‌కు మధ్య నడిచిన కేసులో బాంబే హైకోర్టు 2019లో అది ఇంటర్నెట్‌కు వర్తించదని తేల్చింది. 2022లో అదే కోర్టు డివిజన్ బెంచి కూడా ఆ మాటనే నిలబెట్టింది. కాబట్టి ఎఫ్‌ఎం స్టేషన్లకున్న ఆ దారి మనకు లేదు. హక్కుదారు ఒప్పుకుంటేనే అనుమతి.

ఈ బరువు ఒక్కరు మోయలేరు. అందుకే ఇప్పటికే కంపెనీలతో ఒప్పందాలు చేసుకున్న వేదికను పట్టుకోవడం మేలు.

అసలు ఏ తలనొప్పీ లేని పాటలు కూడా ఉన్నాయి. త్యాగయ్య కృతులకు సాహిత్యం మీద గానీ సంగీతం మీద గానీ ఎవరి హక్కూ లేదు. అన్నమయ్య కీర్తనల సాహిత్యం మీదా హక్కు లేదు, కానీ ఇప్పుడు పాడుకునే బాణీలు చాలావరకు ఈమధ్యకాలపు విద్వాంసులు కట్టినవి, వాటిమీద హక్కు ఉండొచ్చు, చూసుకోండి. మీ వీధిలో సంగీతం నేర్చుకుంటున్న అమ్మాయి పాడితే, మీరే రికార్డు చేసుకుంటే, ఆమె ఒప్పుకోలు చాలు. ఆ ఒప్పుకోలు ఒక కాగితం మీద రాయించి పెట్టుకోండి. పల్లెలో బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు పాడే పెద్దమ్మల దగ్గరకు వెళ్ళినా అంతే. పాడినవారి పేరు షోలో చెప్పండి, వీలైతే చేతిలో ఎంతోకొంత పెట్టండి.

3. వేదిక ఎంచుకోండి

పాటలున్న షోకైనా మిక్స్‌కైనా నేను మొదట చెప్పే పేరు మిక్స్‌క్లౌడ్. 2008లో లండన్‌లో మొదలైంది. పొడవైన రేడియో షోలు, మిక్స్‌లు, వాటికోసమే కట్టిన వేదిక ఇది. మీరు పెట్టిన ఫైలులో ఏ పాటలున్నాయో అది గుర్తుపట్టి, హక్కుదారులకు రాయల్టీ చేరేలా చూస్తుంది. వార్నర్, యూనివర్సల్, సోనీ లాంటి పెద్ద కంపెనీలతో ఒప్పందాలున్నాయి. అందుకే వినేవాళ్ళు షో మొత్తాన్ని రేడియోలాగే వింటారు, ఒక్కో పాటనూ విడదీసి డౌన్‌లోడ్ చేసుకోలేరు. ఉచిత ఖాతాలో ప్రచురించి ఉంచగలిగే షోల సంఖ్యకు హద్దుంది. ఖాతా తెరిచేటప్పుడు ఆ అంకె చూసుకుని, వారం వారం చేయాలనుకుంటే డబ్బు కట్టే ప్లాన్ ఖర్చు ముందే లెక్కేసుకోండి.

ఇక్కడ తెలుగువాళ్ళు కాలుజారే చోటొకటి ఉంది. అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ఇంటర్నెట్ రేడియోకు కొన్ని లెక్కలు పెట్టింది. మూడు గంటల వ్యవధిలో ఒకే కళాకారుడి పాటలు నాలుగుకు మించకూడదు, ఒకే ఆల్బమ్ నుంచి మూడుకు మించకూడదు. ఏ పాటలు వేస్తామో ముందుగా ప్రకటించకూడదు. మిక్స్‌క్లౌడ్‌లోనూ ఇదే ధోరణి నియమాలున్నాయి. మన రేడియో అలవాటు దీనికి సరిగ్గా ఎదురు. జయంతికో వర్ధంతికో ఒకే గాయకుడివి పన్నెండు పాటలు వరసగా వేయడం మనకు నివాళి. ఒక సినిమా పాటలన్నీ వరసగా వినిపించడం మనకు ముచ్చట. ఈ రెండూ ఆ లెక్కల్లో ఇమడవు.

నేనేం చేస్తానంటే, ఒక గాయని మీద షో అనుకుంటే ఆమె పాటలు నాలుగు తీసుకుంటాను. మిగతావి ఆమె తరం గాయనులవి, ఆమెకు పాటలిచ్చిన సంగీత దర్శకులు వేరేవాళ్ళతో పాడించినవి. నిజం చెప్పాలంటే షో దీనివల్ల బాగుపడింది. పోల్చుకోవడానికి పక్కన ఇంకో గొంతు ఉంటేనే ఆమె గొంతు ప్రత్యేకత వినేవాళ్ళకు తెలిసింది.

ఇంకో చిక్కు ట్యాగులతో వస్తుంది. తెలుగు పాటల ఫైళ్ళలో ఆర్టిస్ట్ అన్న చోట సంగీత దర్శకుడి పేరు పెట్టడం మనవాళ్ళకు అలవాటు. ఆరు వేర్వేరు గొంతుల పాటలైనా, అక్కడ ఒకే పేరుంటే ఆరూ ఒకే కళాకారుడివిగా లెక్కకొచ్చే ప్రమాదముంది. గాయకుల పేర్లు మీరే సరిచేసుకోండి.

ఇంకో వేదిక సౌండ్‌క్లౌడ్, 2007లో మొదలైంది. మీరు సొంతంగా కట్టిన బీట్, మీరు పాడిన పాట, మీ తీన్మార్ ట్రాక్, ఇలాంటివాటికి అది మంచి చోటు. ఇతరుల పాటలున్న మిక్స్ పెడితే అప్‌లోడ్ దగ్గరే పట్టుబడే అవకాశం ఎక్కువ. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే యంత్రాంగం ప్రతి ఫైలునూ జల్లెడ పడుతుంది. హక్కుదారు తలుచుకుంటే ప్రకటనల డబ్బు తానే తీసుకుని షోను ఉండనిస్తాడు, లేదా కొన్ని దేశాల్లో ఆపేస్తాడు. అది ఒక్కటే అయితే పెద్ద ప్రమాదం లేదు. కాపీరైట్ స్ట్రైక్ వేరు. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోతుంది. పెళ్ళి వీడియోలు, పిల్లల పాటలు ఉన్న ఛానల్లోనే మిక్స్‌లు కూడా పెట్టే తమ్ముళ్ళకు నా మాట: మిక్స్‌లకు వేరే ఖాతా, వేరే వేదిక చూసుకోండి.

పాడ్‌కాస్ట్ యాప్‌లు మాటల కోసం. సినిమా పాటలు అక్కడ వేయకూడదు. పాటలున్న షో మిక్స్‌క్లౌడ్‌లో పెట్టి, అందులో మీరు చెప్పిన కబుర్లు మాత్రం కోసి పది నిమిషాల పాడ్‌కాస్ట్‌గా పెట్టొచ్చు.

సొంత స్టేషన్ కావాలంటే ఐస్‌కాస్ట్ అనే ఉచిత సర్వర్ ప్రోగ్రామ్ ఉంది. దాన్ని తేలిగ్గా నడపడానికి అజురాకాస్ట్ ఉంది, అదీ ఉచితమే. ఇవి గొట్టం లాంటివి. గొట్టంలో పారే నీటికి అనుమతి మీరే తెచ్చుకోవాలి. అమెరికాలో ఉండి స్టేషన్ పెట్టే తెలుగువాళ్ళు రికార్డింగుల కోసం సౌండ్‌ఎక్స్‌చేంజ్ దగ్గర, సాహిత్యం, సంగీతం కోసం యాస్కాప్, బీఎంఐ లాంటి సంస్థల దగ్గర లైసెన్సు చూసుకోవాలి.

4. గదిని, మైకును సిద్ధం చేసుకోండి

ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, దాని ముందు కూర్చోండి. వరసగా వేలాడే చీరలు గొంతు ప్రతిధ్వనిని మింగేస్తాయి. వెనక గోడకు ఒక బొంత వేలాడదీస్తే ఇంకా మంచిది. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. ఫ్యాన్ చప్పుడు మనకు అలవాటైపోయి వినిపించదు కానీ మైకుకు వినిపిస్తుంది. కుక్కరు కూతల వేళ, నీళ్ళ మోటారు వేళ తప్పించుకోండి.

తెలుగులో మైకును బాగా కొట్టేవి ప, ఫ, భ అక్షరాలు. నేను ప్రతిసారీ "భలే భలే పాత పాటల పందిరి" అని నాలుగుసార్లు అని, వెనక్కి తిప్పి వింటాను. గుప్పుగుప్పున గాలి తగులుతుంటే మైకును నోటికి ఎదురుగా కాకుండా నోటి మూల వైపుకు, జానెడు దూరానికి జరుపుతాను. అంతటితో సగం సమస్య తీరుతుంది. గొంతు మరీ గట్టిగా ఉన్నప్పుడు కూడా మీటరు −6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ఒకసారి పగిలిన గొంతును తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

5. కూర్పు

రికార్డింగుకు, కూర్పుకు ఆడాసిటీ ఉచితం, చాలు. డీజేలకు ఇంకో ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఆ ప్రోగ్రామ్ పేరే మిక్స్, ఇంగ్లీషులో ఎక్స్ మూడుసార్లు వస్తుంది. రికార్డ్‌బాక్స్, సెరాటో లాంటి డీజే ప్రోగ్రాములు అలవాటైనవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోండి. స్ట్రీమింగ్ సర్వీసు నుంచి నేరుగా డెక్‌లోకి తెచ్చుకున్న పాటలతో వాయిస్తున్నప్పుడు రికార్డింగ్ బటన్ పనిచేయకపోవచ్చు. రికార్డు చేయాలనుకున్న మిక్స్‌కు కొనుక్కున్న ఫైళ్ళే వాడండి.

శబ్దం స్థాయి దగ్గర మన షోలు ఎక్కువగా చెడిపోతాయి. పాత మోనో పాట మెల్లగా ఉంటుంది. ఇప్పటి పాట చెవులు చిల్లులు పడేలా బిగించి ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే వినేవాళ్ళు చెయ్యి వాల్యూమ్ మీంచి తీయలేరు. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అనే పనిముట్టు ఉంది. ప్రతి పాటనూ, మీ గొంతునూ విడివిడిగా −16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత అది) తెచ్చుకుని అప్పుడు వరసలో పేర్చండి. పాత పాటలో బుసను మొత్తం తీసేయాలని ఆశపడొద్దు. బుసతో పాటు వయొలిన్ల పైస్థాయి, గాయని ఊపిరి కూడా పోతాయి. ఆ బుస ఉన్నా పాట బతికే ఉంటుంది.

మాట కింద పాట తగ్గాలంటే ఆడాసిటీలోనే ఉన్న ఆటో డక్ వాడండి. మొదట్లో అది 12 డెసిబెల్స్ తగ్గించేలా అమర్చి ఉంటుంది, చాలామందికి అదే సరిపోతుంది. ఆలాపన మీద మాత్రం మాట్లాడకండి. పల్లవి కంటే ముందొచ్చే ఆ పది సెకన్ల కోసమే ఎదురుచూసే శ్రోతలుంటారు.

డీజేలకు ఒక మాట. 1960ల నాటి పాటలు మెట్రోనోమ్ లేకుండా, వాద్యబృందం అంతా ఒకేసారి కూర్చుని వాయించినవి. వేగం చరణం దగ్గర కాస్త పెరుగుతుంది, పల్లవికి వచ్చేసరికి తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ దెబ్బదెబ్బకూ గీసే గీతలు, అంటే బీట్ గ్రిడ్, వాటిమీద నిలవదు, రెండు పాటల వేగాన్ని కలిపే సింక్ బటన్ నొక్కితే డోలు ఒకవైపు, డ్రమ్ము ఇంకోవైపు పోతాయి. వరంగల్‌లో బరాత్‌లకు వాయించే మా తమ్ముడొకడు దీనికి మంచి ఉపాయం చెప్పాడు. పాత పాటలోంచి తాళం లేని ముక్కను, అంటే సాకీనో ఆలాపననో మాత్రమే తీసుకుంటాడు. దాని కింద కొత్త బీటును మెల్లగా లేపుతాడు. గొంతు ఆగిన చోట డప్పు పడుతుంది. రెండు తాళాలు కొట్టుకునే అవకాశమే ఉండదు.

6. ఫైలు, పేర్లు, పాటల పట్టిక

రికార్డు చేసేటప్పుడు వేవ్ ఫార్మాట్‌లో చేసి, పెట్టేటప్పుడు ఎంపీ3 చేయండి. 320 కేబీపీఎస్‌లో (సెకనుకు 320 కిలోబిట్లు) గంట షో 144 ఎంబీ వస్తుంది. మాటలు, మోనో పాటలే ఎక్కువైతే 128 చాలు, 57.6 ఎంబీ అవుతుంది. వేవ్ ఫైలును పారేయొద్దు. వేదికలు మారతాయి, మూతపడతాయి కూడా. రెండు చోట్ల దాచుకోండి.

షో పేరు తెలుగులో పెట్టండి. పాటల పట్టికను ప్రతి పాటా మొదలయ్యే నిమిషం, సెకనుతో సహా నింపండి. మిక్స్‌క్లౌడ్‌లో పాట మోగాకే దాని పేరు కనిపిస్తుంది కాబట్టి ముందే ప్రకటించినట్టు కాదు. పట్టిక వేయడం విసుగు పనే. కానీ "ఆ మూడో పాట ఎవరు పాడారు బాబూ" అని అడిగే బాబాయిలకు జవాబు అక్కడే ఉంటుంది. రచయిత పేరు కూడా రాయండి. పాట రాసినవారి పేరు పక్కకు పోతుండటం మన దగ్గర ఎప్పటినుంచో జరుగుతున్న అన్యాయం.

7. లైవ్ వెళ్ళాలంటే

మిక్స్‌క్లౌడ్‌కు 2020లో లైవ్ సౌకర్యం వచ్చింది. సొంత ఐస్‌కాస్ట్ సర్వర్ అయితే మిక్స్ ప్రోగ్రామ్‌లోనే లైవ్ బ్రాడ్‌కాస్టింగ్ సెట్టింగు ఉంది. డీజే పని లేకుండా మైకు మాత్రమే పంపాలంటే బట్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ సరిపోతుంది. నింపాల్సినవి ఐదు: సర్వర్ చిరునామా, పోర్టు (మామూలుగా 8000), మౌంట్ పేరు (సర్వర్‌లో మీ ధారకు పెట్టే పేరు), యూజర్ పేరు (మామూలుగా సోర్స్), పాస్‌వర్డ్. ఐస్‌కాస్ట్‌తో వచ్చే నమూనా సెట్టింగుల ఫైలులో పాస్‌వర్డ్ "హ్యాక్‌మీ" అని ఉంటుంది. మొదట చేయాల్సిన పని దాన్ని మార్చడం. అదే ఫైలులో శ్రోతల గరిష్ఠ సంఖ్య 100 అని ఉంటుంది, అదీ చూసుకోండి.

మీ ఇంటినుంచి సర్వర్‌కు వెళ్ళేది ఒకే ధార. 128 కేబీపీఎస్ షోకు సెకనుకు 1 మెగాబిట్ అప్‌లోడ్ ఉంటే ధారాళం. భారమంతా సర్వర్ మీద. వందమంది గంటసేపు వింటే 5.76 జీబీ ఖర్చవుతుంది. పల్లెల్లో ఫోన్ డేటా మీద వినేవాళ్ళ కోసం 64 కేబీపీఎస్‌లో ఇంకో ధార కూడా ఇవ్వండి.

కరెంటు పోతుందని ముందే అనుకుని కూర్చోండి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, రౌటరుకు ఉండదు. రౌటరుకు చిన్న యూపీఎస్ పెట్టుకోండి, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. ధార తెగితే సర్వర్ తనంతట తాను వేసేలా ఒక అరగంట రికార్డింగు పెట్టి ఉంచండి. అజురాకాస్ట్‌లో ఇది తేలికే.

మీరు మాట్లాడిన మాట శ్రోతకు పది నుంచి ముప్ఫై సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఫోన్ చేసినవాళ్ళు తమ దగ్గర షోను కట్టేసి మాట్లాడేలా చూడండి. కోరిన పాటలకు మాత్రం, వారం ముందు ఉత్తరాలు తీసుకునే ఆకాశవాణి పాత పద్ధతే నాకిష్టం. పాట వెతకడానికి వ్యవధి ఉంటుంది, కోరినవారి ఊరు, పేరు సరిగ్గా పలకడానికి సాధన చేసుకోవచ్చు.

8. వేళ

శనివారం రాత్రి 8 గంటలకు ఇక్కడ లైవ్ పెట్టారనుకోండి. దుబాయ్‌లో సాయంత్రం 6:30. లండన్‌లో వేసవిలో మధ్యాహ్నం 3:30, చలికాలంలో 2:30. న్యూజెర్సీలో పొద్దున్న 10:30 లేదా 9:30, డల్లాస్‌లో 9:30 లేదా 8:30. కాలిఫోర్నియాలో 7:30 లేదా 6:30, సెలవు రోజున ఎవరూ లేవని వేళ. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో అర్ధరాత్రి దాటిపోతుంది. అందరికీ కుదిరే వేళ లేదు కాబట్టి లైవ్ అయిన రెండు గంటల్లోగా రికార్డింగు పెట్టేయండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మారతాయి. ఆ రెండు వారాల్లో ప్రకటనలో అక్కడి వేళ కొత్తగా రాయండి.

మా అక్క ఇప్పుడు శనివారం పొద్దున్న దోసెల పెనం పొయ్యి మీద పెట్టి ఫోన్ తెరుస్తుంది. మొదటి పాట అయ్యేలోపు అమ్మను హాల్లోకి పిలుస్తుంది. వాల్యూమ్ సరిపోయిందో లేదో నాకు తెలిసేది ఆమె పెట్టే మెసేజ్‌తోనే. మీకూ అలా వెంటనే చెప్పే మనిషి ఒకరు దూరంలో ఉండాలి. షో మొదలైన అయిదు నిమిషాలకు వాళ్ళనడగండి: గొంతు వినిపిస్తోందా, పాట మింగేస్తోందా?